డేగక్క రెండో తూటా

పాలల్లో నీళ్లు కలిస్తే పాలవాడి మీద అనుమానం. కలవకపోతే ఇంకా పెద్ద అనుమానం. ఇన్నాళ్లూ లేనిది ఇవాళ చిక్కటి పాలు పోశాడంటే వెనకాల ఏం చేసొచ్చాడో! అదీ డేగక్క తీరు. పక్కింటావిడ నవ్వుతూ పలకరిస్తే ఏదో అడగడానికొచ్చిందంటుంది, తల వంచుకుని వెళ్లిపోతే ఏదో దాస్తోందంటుంది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అన్నారా? ఆ భూతానికి ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టిన మనిషి ఆమె. ఆమెతో ఇన్నేళ్లు కాపురం చేసి, ఇప్పటికీ జోకులేయగలుగుతున్న ఆ టైలరుగారికి చేతులెత్తి మొక్కాలి.

డేగ అన్న పేరు మాత్రం అనుమానం వల్ల రాలేదు, చూపు వల్ల వచ్చింది. పట్నం అంచున కొండవాలు మీద పండ్ల తోటలున్నాయి. అడవిపందులు దిగాయంటే ఒక్క పూటలో చెట్ల మొదళ్లు వరసకు వరస పెళ్లగించి పోతాయి. వాటిని కాల్చడానికి తోటల సంఘం పెట్టుకున్న షూటరు ఆమె. తండ్రి తుపాకులు బాగుచేసేవాడు. కొడుక్కి ఆకురాళ్లూ మరలూ ఇచ్చాడు, కూతురికి గురి ఇచ్చాడు. మొదట్లో "ఆడమనిషి తుపాకీ పడుతుందా" అని మూతి విరిచినవాళ్లే తర్వాత ఆమె సంఘం ఆఫీసు గుమ్మం తొక్కితే లేచి కుర్చీ వేసేవాళ్లు. కుర్ర షూటర్లెవరైనా గురి తప్పి తుపాకీని తిట్టారో, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటోడే" అని అందరి ముందూ గాలి తీసేసేది.

ఆమె దగ్గరున్నది పాతకాలపు బోల్టు రైఫిలు. ఆ సంగతి తెలియనివాళ్ల కోసం ఓ మాట చెప్పాలి. తుపాకీ వీపు మీద తలుపు గడియలాంటి ఉక్కు కడ్డీ ఉంటుంది, అదే బోల్టు. పేల్చాక దాని పిడి పైకెత్తి వెనక్కి లాగితే, గుండు పోగా మిగిలిన తూటా ఖాళీ తొడుగు బయటికెగిరి పడుతుంది. ముందుకు తోస్తే కిందున్న పెట్టెలోంచి కొత్త తూటా గొట్టంలోకి వెళ్తుంది. ఆ బోల్టు ముందుకూ వెనక్కూ తిరిగే ఇనప ఇంటిని యాక్షన్ అంటారు. పొట్టి తూటాలకు పొట్టి యాక్షన్, పొడుగు తూటాలకు పొడుగు యాక్షన్. రెంటికీ తేడా ఎంతో ఉంటుందనుకునేరు, బొటనవేలి గోరంత. డేగక్కది పొట్టి యాక్షన్. బోల్టు ఇలా లాగి అలా తోస్తే చాలు. మొదటి చప్పుడు కొండకు తగిలి తిరిగి వచ్చేలోగా రెండో తూటా పేలేది.

ఎంత మంచి తుపాకీ అయినా ఉక్కే కదా, అరిగింది. గొట్టం లోపలి గాడులు చెరిగిపోయి గుండు తిన్నగా పోవడం మానేసింది. తండ్రి షాపు నడుపుతున్న తమ్ముడి దగ్గరికి వెళ్లింది. అతను చాలా వెతికి చివరికి వేరే తుపాకీ సిద్ధం చేశాడు.

"పాతదానికి సరిపడే గొట్టం ఎక్కడా దొరకలేదక్కా. ఇది పొడుగు యాక్షన్. దెబ్బ గట్టిది, పంది అక్కడికక్కడే పడుతుంది. కాకపోతే బోల్టు చివరిదాకా లాగాలి" అన్నాడు.

"నువ్వు నిక్కరు వేసుకోవడం రాని రోజుల్నించీ లాగుతున్నాన్రా. నాకు చెప్పొచ్చావా?" అంది డేగక్క.

నిజానికి ఆమె ఆ మాట సరిగా వినలేదు. ఆమె కళ్లు షాపు గుమ్మంలో నిలబడ్డ మనిషి మీద ఉన్నాయి. వాడు తమ్ముడి బావమరిది, అంటే మరదలి అన్నగారు. తోటల సంఘంలో షూటరు పనికి వాడూ దరఖాస్తు పెట్టాడని ఆమెకు వారం కిందటే తెలిసింది. అలాంటివాడు తన తుపాకీ తయారవుతున్న షాపులో ఏం చేస్తున్నట్టు? పైగా తనను చూడగానే నమస్కారం ఒకటి! అంత వంగి పెట్టిన నమస్కారంలో ఏదో ఉంది అనుకుంది.

కొత్త తుపాకీని బల్ల మీద పెట్టి, తూటా తర్వాత తూటా చేత్తో గొట్టంలోకి వేసుకుంటూ నిదానంగా గురి సరిచేసుకుంది. అన్నీ అట్ట మీద నల్లచుక్కలోనే పడ్డాయి. అనుమానించడానికి ఏమీ దొరకనందుకు కొంచెం చిన్నబుచ్చుకుని ఇంటికెళ్లింది.

ఆ తర్వాత సెలవురోజు పొద్దున్నే టైలరుగారు కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి, పాత నూనె డబ్బా ఒకటి పట్టుకుని ఆమె వెంట తోటకు బయల్దేరాడు. డబ్బా మోగించి పొదల్లో పందిని బయటికి తోలడం ఆయన పని. "నేను వాయిస్తాను, నువ్వు కాల్చు, ఇదే మన సంసారం" అనేవాడు. పంది రానే వచ్చింది. పెద్దది, మగది. ముందే చేత్తో గొట్టంలోకి వేసుకున్న తూటాని డేగక్క పేల్చింది. దెబ్బ భుజం మీద తగిలింది గాని పంది పడలేదు. గిర్రున తిరిగి డబ్బా చప్పుడు వచ్చిన వైపు ఉరికింది.

బోల్టు లాగింది. ఇత్తడి తొడుగు మెరుస్తూ గాల్లోకి లేచింది. తోసింది, గురి చూసింది, మీట నొక్కింది.

టక్.

అంతే. మళ్లీ లాగింది, తోసింది, నొక్కింది. మళ్లీ అదే టక్. ఆమె కళ్ల ముందే పంది కోర ఆయన తొడను మోకాలి పైనుంచి నడుము దాకా చీల్చేసింది. ఆయన అరవను కూడా లేదు, డబ్బాతో సహా వెనక్కి కూలబడ్డాడు. పంది కాస్త దూరం పోయి కాలవలో పడి చచ్చింది. ఇంకాస్త ముందు చావడానికి దానికేం రోగం!

ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి కుట్లు వేయించాక గాని డేగక్క తుపాకీ విప్పి చూడలేదు. పెట్టెలో తూటాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ పైకి పోలేదు. అది చూసిన క్షణాన ఆమెకు మొత్తం కథ అర్థమైపోయింది. అర్థమైపోయిందని అనుకుంది, పాపం. తూటాల్ని పైకి నెట్టే స్ప్రింగును ఎవరో పాడుచేశారు. ఎవరో ఏంటి, గుమ్మంలో నిలబడి నమస్కారాలు పెట్టినవాడికి ఉద్యోగం కావాలి, వాడి చెల్లెలికి అన్న బాగుపడాలి, తమ్ముడికి పెళ్లాం మాట వేదం. అక్క అందరి ముందూ గురి తప్పితే చాలు. ఆ మాట పైకి అనేసి తన చేతి వంక చూసుకుంది. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన చెయ్యి కదా.

అయినా ఆగలేదు. ఆయుధాల లైసెన్సుల ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు తుపాకీ తీసుకెళ్లి లోపల పెట్టుకున్నాడు, తమ్ముడి షాపు షట్టరుకు సీలు వేశాడు. విచారణలో తప్పు తేలితే షాపు లైసెన్సు శాశ్వతంగా రద్దు. తమ్ముడికి వేరే పని రాదు. చిన్నప్పట్నించీ ఆ నూనె వాసన తప్ప వాడికేం తెలుసు?

తమ్ముడేం చేశాడో తెలుసా? ఇన్‌స్పెక్టరు అడగ్గానే, "నా పొరపాటే అయ్యుంటుందండీ. స్ప్రింగు మెత్తబడిందేమో, నేనే చూసుకోవాల్సింది" అన్నాడు. ఎదురు మాట్లాడలేదు, అక్కను ఒక్క మాట అనలేదు.

"చూశారా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు!" అంది డేగక్క, ఇంటికొచ్చి మంచం మీదున్న మొగుడితో. "తప్పు చెయ్యనివాడైతే అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా?"

"తప్పు చేసినవాడు మాత్రం ఒప్పుకుంటాడా?" అన్నాడు టైలరుగారు.

ఆమె ఆయన దిండు సరిచేసి, మందు కొంచెం గట్టిగానే మింగించింది.

పరామర్శకు జనం రావడం మొదలైంది. ఆయన కాలు ఎలా ఉందని అడిగేలోపే ఆమె కథ ఎత్తుకునేది. మంచం పక్కన నిలబడి, లేని తుపాకీని భుజానికెత్తి, లేని పందికి గురిపెట్టి, "ఇదిగో ఇలా పేల్చాను, ఇలా లాగాను, ఇలా తోశాను, టక్!" అని చేసి చూపించేది. తోటవాళ్లకు చూపించింది, బట్టలు కుట్టించుకునేవాళ్లకు చూపించింది, పాలవాడికి కూడా చూపించింది. వచ్చినవాళ్లు అయ్యో అని వెళ్లిపోయేవాళ్లు. టైలరుగారు ఎక్కడికి పోతాడు? కాలు కట్టేసి ఉంది. చూసినదే చూస్తూ పడున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం, చూడ్డానికొచ్చినవాళ్లు చెప్పులేసుకుని వెళ్లాక, ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఇదిగో, ఒక మాటంటాను, మందు తాగించకు. నువ్వు బోల్టు లాగినట్టు చేసినప్పుడల్లా నీ పిడికిలి జాకెట్టు భుజం కుట్టు దగ్గరే ఆగుతోంది. ఒక్కసారి కూడా కుట్టు దాటలేదు."

"దాటకపోతే?"

"ఏం లేదు. కొలతలు చూడ్డం నా పని కదా. కళ్లకు అలవాటు."

డేగక్క కళ్లు చిన్నవయ్యాయి. "వాడు మీతో ఎప్పుడు మాట్లాడాడు? నేను బజారుకెళ్లినప్పుడు వచ్చాడా? మీ చెవిలో ఏం పువ్వు పెట్టి పోయాడు?"

"కుట్లు వేయించుకుంది నేను. నాకెవడు పువ్వులు పెడతాడే!" అని ఆయన నవ్వబోయి, కాలు నొప్పెట్టి ఆగిపోయాడు.

ఆ మాట ఆమెను పట్టుకుంది, వదల్లేదు. వంటింట్లో గిన్నెలు కడుగుతూ పిడికిలి వెనక్కి లాగి చూసుకుంది. కుట్టు దగ్గర ఆగింది. చివరికి చేతులు తుడుచుకుని ఇనప బీరువా తెరిచి, పారేయలేక దాచుకున్న పాత తుపాకీ తీసింది. ఖాళీగా ఉందో లేదో చూసుకుని, భుజానికెత్తి, కళ్లు మూసుకుని బోల్టు లాగింది. పిడికిలి భుజం కుట్టు దగ్గరికి రాగానే బోల్టు గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. అక్కడితో దాని దారి అయిపోయింది.

"టేపు ఇవ్వండి" అంది.

టైలరుగారు దిండు కింద నుంచి టేపు తీశాడు. ఆయన ప్రాణం పోయినా టేపు దూరంగా పెట్టడు. బోల్టు ఎంత దూరం నడుస్తుందో ఇద్దరూ కొలిచారు. అంత పొడవు మంచం పక్కనున్న కత్తిరించే బల్ల మీద సుద్దముక్కతో గీశారు. డేగక్క బీరువాలోంచి కొత్త తుపాకీ తూటా ఒకటి తెచ్చి ఆ గీత పక్కన పడుకోబెట్టింది.

తూటా గీత దాటింది. బొటనవేలి గోరంత.

బోల్టు తూటా వెనక్కి పోతేనే దాన్ని ముందుకు తోయగలదు. ఆమె చెయ్యి లాగిన కాస్త దూరానికి బోల్టు తూటా నడుము మీదకే వచ్చి, దాని వీపు మీంచి జారి, ఖాళీ గొట్టాన్ని మూసింది. గుండు పోయాక ఖాళీ తొడుగు పొట్టిదే కనక, అది మాత్రం నిక్షేపంగా ఎగిరి పడింది. అది మెరవడం చూసి రెండోది వచ్చేసిందనుకుంది. స్ప్రింగు బాగానే ఉంది. తుపాకీ బాగానే ఉంది. నిదానంగా ఒక్కొక్క తూటా వేసుకుని కాల్చినప్పుడు ఇది ఎలా బయటపడుతుంది?

"మిమ్మల్ని పొడిచింది పంది కాదండీ, నేనే" అంది.

"నువ్వైతే ఇంకా లోతుగా దిగేది" అన్నాడాయన. ఆమె నవ్వలేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఏడుపు తగ్గాక ఆయన అన్నాడు, "విచారణలో ఉన్నదున్నట్టు చెప్పెయ్. వాడి షాపు వాడికొస్తుంది."

"చెప్తే నా చేతిలో తుపాకీ ఉండనిస్తారా? చెయ్యి మాట విననిదాన్ని తోటలోకి పంపుతారా? ఆ నమస్కారాల రాయుడు రేపే వచ్చి కూర్చుంటాడు." కళ్లు తుడుచుకుని మళ్లీ అంది, "అయినా తప్పు లేనివాడు తప్పెందుకు ఒప్పుకున్నాడు? అందులో ఏదో ఉంది."

చింత చచ్చినా పులుపు చావలేదని ఊరికే అంటారా!

విచారణ రోజుకు ఆమె ఓ ఉపాయం కట్టుకుంది. ఒకసారి పొట్టిగా లాగి, తప్పు ఎలా జరిగిందో చూపించాలి. వెంటనే మరోసారి చివరిదాకా లాగి, ఇక ఆ తప్పు జరగదని చూపించాలి. తమ్ముడి షాపూ నిలబడుతుంది, తన పనీ నిలబడుతుంది. రెండు రోజులు పాత తుపాకీ పక్కన పెట్టి, గాల్లోనే పిడికిలి కుట్టు దాటించి దాటించి సాధన చేసింది.

లైసెన్సుల ఆఫీసు వెనక గోడల మధ్య ఖాళీ స్థలంలో ఒక బల్ల వేశారు. దాని మీద కొత్త తుపాకీ, పక్కన మందు లేని ఉత్తుత్తి తూటాలు. తమ్ముడు ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మనిషి సగమయ్యాడు. టైలరుగారు చంకకర్రల మీద వచ్చాడు. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు. ఆయన అనుమానం ముందు డేగక్క అనుమానం పసిపాప.

"స్ప్రింగు మెత్తబడిందని ఈయన చెప్పాడు. మా మెకానిక్కు చూస్తే స్ప్రింగు కొత్తదానిలా ఉంది" అన్నాడు. "లేని తప్పు ఎవరైనా నెత్తినేసుకుంటారా? దీని వెనకాల ఇంకేదో ఉంది. ఏం దాస్తున్నావు?"

తమ్ముడు ఒక్కసారి అక్క చేతి వైపు చూసి తల దించుకున్నాడు. ఆ చూపు డేగక్క కంట పడింది. ఆమె చూపు నుంచి ఏం తప్పించుకుంది కనక! వీడికి తెలుసు, అనుకుంది. తోటలో టక్‌మన్న రోజునే తెలుసు.

"వాణ్ణి అడక్కండి. తుపాకీలో ఏ లోపం లేదు. లోపం నా చేతిది" అని ముందుకొచ్చింది. ఉత్తుత్తి తూటాలు నింపి, బోల్టు పొట్టిగా లాగి, తోసి, మీట నొక్కింది. టక్. బోల్టు తెరిచి ఖాళీ గొట్టం చూపించింది. జరిగిందంతా చెప్పింది.

ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. "కావాలని ఎవరైనా చెయ్యొచ్చమ్మా. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుని వచ్చారా? ఇతనేమో తప్పు నాదంటాడు, నువ్వేమో నాదంటావు. నేను పిచ్చోడిలా కనిపిస్తున్నానా?" అని తుపాకీ ఆమె ముందుకు జరిపాడు. "ఈసారి సరిగ్గా చెయ్యి. నేను బల్ల మీద కొట్టగానే రెండు దెబ్బలు, పంది మీదికొస్తున్నంత వేగంగా. రెండోది గొట్టంలోకెక్కితే తుపాకీ మంచిదని నమ్ముతాను. నీ చెయ్యీ మంచిదేనని రాస్తాను."

డేగక్కకు కావలసింది సరిగ్గా అదే. తుపాకీ ఎత్తింది. చివరిదాకా, చివరిదాకా అని లోపల్లోపల అనుకుంది. ఆయన బల్ల మీద దబ్బున కొట్టాడు. నొక్కింది, లాగింది, తోసింది, నొక్కింది.

గొట్టం ఖాళీ.

"కంగారుపడ్డాను. మళ్లీ కొట్టండి" అంది. ఆయన కొట్టాడు. పళ్లు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా ఆ లాగుడులోనే పెట్టింది. ఉత్తుత్తి తూటా పెట్టెలోంచి కదల్లేదు. పిడికిలి భుజం కుట్టు దగ్గరే ఆగింది. మంచం మీది నుంచి రోజూ చూసిన టైలరుగారు ఈసారి చూడలేక పక్కకు తిరిగాడు. మళ్లీ కొట్టమంది. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి, ఆమె మొహం చూసి, దించేశాడు. తమ్ముణ్ణి పిలిచి తుపాకీ ఇచ్చాడు. అతను లాగి తోస్తే తూటాలు వరసగా ఎక్కి దిగాయి.

ఇన్‌స్పెక్టరు ఇంకేం అడగలేదు. అలాంటి మొహం నాటకమాడదని అంత అనుమానపు మనిషికీ తెలిసింది. షాపు సీలు తీయమని రాశాడు. రెండో కాగితం మీద డేగక్క షూటరు అనుమతి రద్దు చేస్తూ రాశాడు. ఆమె సంతకం పెట్టేటప్పుడు ఆ చెయ్యి ఏమాత్రం వణకలేదు. అది చూసి ఆమెకు ఇంకా మండింది.

బయట వరండాలో బల్ల మీద కూలబడింది. తమ్ముడొచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీకు మొదట్నించీ తెలుసు కదరా?"

"ఊఁ. తూటాలు పెట్టెలో అలాగే ఉన్నాయని విన్నప్పుడే."

"తెలిసీ తప్పు నెత్తినేసుకున్నావు. ఎందుకో చెప్పనా? ఇక నేను మార్చుకోలేననుకున్నావు. దీని పని అయిపోయింది, చెప్పినా లాభం లేదనుకున్నావు. అవునా కాదా?"

తమ్ముడు అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, అక్క కళ్లు చూసి మూసుకున్నాడు.

"అవునక్కా" అన్నాడు.

డేగక్క తల ఊపింది. ఇన్నేళ్లలో ఆమె పడ్డ అనుమానాల్లో నిజమని తేలినది అదొక్కటే. ఎందుకు నిజమైందా అని ఆమె చీర చెంగుతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చంకకర్రలు గోడకానించి టైలరుగారు ఆమెకు రెండో పక్కన కూర్చోబోతే, తమ్ముడు లేచి ఆయన్ని పట్టుకున్నాడు.